పేరు ఎవరిది, కాగితం ఎవరిది

(శింగనమలలో చేసిన స్మారక ఉపన్యాసం, ముద్రిత పాఠం)



ఆహ్వానపత్రిక చూసి ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. "ఏం సామీ, చెరువుకు నీళ్లెప్పుడొస్తాయో, శెనక్కాయల ధర ఎప్పుడు లేస్తుందో చెప్పకుండా ఇంటర్నెట్టు పేర్ల తగాదా మాకెందుకు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు తిరుమల నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఈ సభలో దర్శనం టికెట్టు ఫోన్లో తీసుకోని ఇల్లు తక్కువ.

2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఐటీ విభాగం ఒక నకిలీ వెబ్‌సైటు మీద ఫిర్యాదు చేస్తే తిరుమల వన్‌టౌన్ పోలీసులు కేసు కట్టారు. అంతకుముందే అలాంటివి 40 బయటపడ్డాయి, ఇది 41వది. రెండు చిరునామాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటి అసలుది: తిరుపతిబాలాజీ, చుక్క, ఏపీ, చుక్క, గవ్, చుక్క, ఇన్. నకిలీది: తిరుపతిబాలాజీ, అడ్డగీత, ఏపీ, అడ్డగీత, గవ్, చుక్క, ఆర్గ్. ఫోను తెర మీద సన్నటి అక్షరాల్లో ఈ తేడా పట్టడం కళ్లజోడు ఉన్నవాళ్లకూ కష్టమే. చిరునామాను కుడి చివర నుంచి చదివితే గుట్టు తెలుస్తుంది. అసలుదానికి కుడి చివర 'గవ్.ఇన్' ఉంది, అది ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. నకిలీదానికి కుడి చివర ఉన్నది ఉత్త 'ఆర్గ్'. దానికి ఎడమన ఉన్నదంతా, అడ్డగీతలతో సహా, ఒకే పేరు. కొద్దిపాటి డబ్బు కడితే ఎవడికైనా దొరుకుతుంది.

దీన్ని హైజాక్ అనొచ్చా? జనం అంటారు. నేననను. దేవస్థానం పేరు దేవస్థానం దగ్గరే ఉంది, దాన్ని ఎవడూ ఎత్తుకుపోలేదు. దాన్ని పోలిన ఇంకో పేరు పక్కన నిలబెట్టి భక్తుల డబ్బు గుంజాడు. అందుకే దేవస్థానం "నా పేరు నాకిప్పించండి" అని ఏ మధ్యవర్తి దగ్గరికీ పోకుండా నేరుగా పోలీసుల దగ్గరికి పోయింది. అది సరైన దారి. ఎవరి స్మారకంగా ఈ సభ పెట్టారో ఆ మాష్టారు లెక్కల్లో జవాబు ఒప్పయినా దారి తప్పయితే మార్కులు వేసేవారు కాదని ఇందాక ఆయన శిష్యులు చెప్పారు. ఈ తగాదాల్లో అంతకన్నా కఠినం. దారి తప్పితే జవాబే రాదు.

భూమి తగాదాలు ఈ మండలానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తరిమెల మనదే, భూమి ఎవరిదన్న ప్రశ్నను జీవితమంతా అడిగిన నాగిరెడ్డి గారు పుట్టిన ఊరు. గట్టు జరిగితే సర్వేయరును పిలుస్తాం. అడంగల్లో పేరు మారితే తహసీల్దారు దగ్గరికి పోతాం. దొంగ రిజిస్ట్రేషన్ జరిగితే పోలీసు స్టేషను, సివిల్ కోర్టు. అన్నదమ్ముల పంపకమైతే ముందు పెద్దమనుషులు. ఈ నాలుగింటికీ ఒకే అర్జీ రాసేవాడు మన ఊళ్లో లేడు. ఇంటర్నెట్ చిరునామా, అంటే డొమైన్ పేరు, దగ్గరికి వచ్చేసరికి మాత్రం చదువుకున్నవాళ్లు కూడా అన్నింటికీ కలిపి 'హైజాక్' అనే ఒక్క మాటతో అర్జీ పెడతారు. పోలిక ఇంతవరకే పనికొస్తుంది. పొలం ఎక్కడికీ కదలదు, ఏడాది తరువాత కేసు వేసినా అక్కడే ఉంటుంది. పేరు ఒక రాత్రిలో ఖండం దాటుతుంది.

నిజంగా ఖండం దాటిన పేరు సంగతి వినండి. 2005 జనవరిలో, ఒక శనివారం, న్యూయార్క్‌లోని పానిక్స్ అనే పాత ఇంటర్నెట్ సంస్థ పేరు చేజారింది. పేరు నమోదు ఆస్ట్రేలియాలోని ఒక రిజిస్ట్రార్ (పేర్లు నమోదు చేసే సంస్థ) దగ్గరికి మారింది, సర్వర్ల దారి ఇంగ్లండ్‌కు, మెయిలు కెనడాకు మళ్లింది. ఖాతాదారుల ఉత్తరాలు ఎవడి చేతిలో పడుతున్నాయో తెలియదు. వారాంతం కనుక అవతల ఫోను ఎత్తే దిక్కు లేదు. సోమవారానికి గాని పేరు వెనక్కి రాలేదు. పేరు మార్చమని అడిగినవాడు నిజంగా యజమానేనా అని చూడాల్సిన చోట ఎవరూ చూడలేదు. తప్పంతా అక్కడే. ఆ ఏడాది జులైలోనే ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ భద్రతా కమిటీ పేర్ల హైజాకింగ్ మీద ఒక నివేదిక ఇచ్చింది. తరువాతి కాలంలో రిజిస్ట్రార్ల మధ్య అత్యవసర సంప్రదింపు ఏర్పాటు వచ్చింది. ఒకరు అడిగితే రెండోవారు నాలుగు గంటల్లో జవాబివ్వాలి. అయితే ఆ దారిలో మీరు వెళ్లలేరు. మీ తరఫున మీ రిజిస్ట్రారే అడగాలి. అంటే మీ రిజిస్ట్రార్ ఎవరో మీకు తెలిసి ఉండాలి. నేను అడిగినవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇంకో కేసు ఉంది, దాని పేరు ఈ సభలో ఉచ్చరించను. స్త్రీపురుష సంబంధానికి ఇంగ్లిషులో వాడే మూడక్షరాల మాట, చివర డాట్ కామ్. వెనక వరుసలో పిల్లలకు అప్పుడే అర్థమైంది. గేరీ క్రెమెన్ అనే ఆయన 1994లో దాన్ని నమోదు చేసుకున్నారు. 1995లో స్టీఫెన్ కోహెన్ అనేవాడు ఒక దొంగ ఉత్తరం పుట్టించి నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే నమోదు సంస్థకు ఇచ్చాడు. క్రెమెన్‌ను తీసేశాం, ఈ పేరు మాకక్కర్లేదు, కోహెన్‌కు ఇచ్చేయండి అని దాని సారాంశం. సంస్థ క్రెమెన్‌ను ఒక్క మాట అడగకుండా పేరు మార్చేసింది. అది వెనక్కి రావడానికి 2000 దాకా పట్టింది. మరుసటి ఏడాది కోర్టు 6.5 కోట్ల డాలర్లు కట్టమంది. కోహెన్ మెక్సికోకు చెక్కేశాడు. ఈ డబ్బు కథ కన్నా 2003లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పినది నాకు ముఖ్యం. డొమైన్ పేరు ఆస్తే, దాన్ని ఊరికే పరాయివాడి చేతిలో పెట్టిన నమోదు సంస్థ కూడా జవాబు చెప్పుకోవలసి వస్తుంది అంది. దొంగ పారిపోతే కాపలాదారును అడగవచ్చన్నమాట.

మన దగ్గర ఇలా జరిగితే ఏం చేయాలి? మొదటి గంటలోనే చాలావరకు తేలిపోతుంది కనుక ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. పేరు పోయిందంటే చాలాసార్లు ముందు మెయిల్ పోయి ఉంటుంది. పేరు మార్చడానికి కావలసిన కోడు వచ్చేది ఆ మెయిల్‌కే. అలాంటప్పుడు అదే మెయిల్ నుంచి రిజిస్ట్రార్‌కు మొర పెట్టుకుంటే దొంగ చదువుతూ కూర్చుంటాడు. ఫోను చేయండి, లేదా వేరే మెయిల్ నుంచి బిల్లు నకలు, గుర్తింపు కార్డు జతచేసి రాయండి. అడగాల్సిన మొదటి మాట "నా పేరు తిరిగివ్వండి" అన్నది కాదు, "కదలకుండా లాక్ చేయండి" అన్నది. పేరు ఇంకా అదే రిజిస్ట్రార్ దగ్గర, ఖాతా మాత్రమే మారి ఉంటే పని సులువు. వేరే రిజిస్ట్రార్ దగ్గరికి దాటితే చిక్కు మొదలవుతుంది, ఇంకో దేశం దాటితే దేవుడే దిక్కు. ఆ తరువాత బహిరంగంగా దొరికే నమోదు వివరం తెరిచి చూడాలి. యజమాని పేరు ఇప్పుడు చాలావాటికి కనిపించదు, 2018 నుంచి దాచేస్తున్నారు. అయినా రిజిస్ట్రార్ ఎవరు, చివరిసారి ఏ తేదీన మారింది, లాక్ ఉందా లేదా అన్నవి కనిపిస్తాయి. ఆ తేదీ మీ కేసుకు ప్రాణం. ఆ పేజీని తేదీ, సమయంతో భద్రపరచండి. 1930కి ఫోను చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయండి. ఐటీ చట్టంలో ఒకరి పాస్‌వర్డు, గుర్తింపు దొంగతనంగా వాడితే 66సి, కంప్యూటర్ ద్వారా వేషం మార్చి మోసం చేస్తే 66డి ఉన్నాయి. కోర్టుకు ఎక్కేటప్పుడు స్క్రీన్‌షాట్లు ఉత్త కాగితాలుగా ఇస్తే నిలవవు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాలి. మన ప్లీడర్లలో కొందరికి ఇంకా పాత 65బి అనే అలవాటు, ఆ మాట వాళ్లు ఏమీ అనుకోరనే ధైర్యంతో అంటున్నాను.

జనం హైజాక్ అనేవాటిలో ఇది మొదటి రకం, దొంగతనం. రెండోది పోలిక పెట్టడం. తెలుగువాళ్లు గట్టిగా కనిపించేది ఇక్కడే.

అప్పట్లో హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు పిల్ల కంపెనీగా సత్యం ఇన్ఫోవే ఉండేది. సిఫీ అన్న పేరు దానిదే, ఆ రెండు మాటల్లోంచి కూర్చుకున్నది. 1999లో నాస్‌డాక్‌కు ఎక్కింది. ఆ ఏడాదే ఇండియావరల్డ్ అనే సంస్థను, దాని సమాచార్, ఖేల్, బావర్చి వంటి పేర్లతో కలిపి, 499 కోట్ల రూపాయలకు కొంటామని ప్రకటించి దేశమంతా నోరెళ్లబెట్టేలా చేసింది. ఆ తరువాత బెంగళూరులో సిఫీనెట్ సొల్యూషన్స్ అనే ఇంకో కంపెనీ అలాంటి పేరే, ఇంగ్లిషులో ఒక 'ఎఫ్' అదనంగా చేర్చి, తీసుకుంది. అది మా అయిదుగురు భాగస్వాముల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చింది, మీ పేరుతో మాకేం పని అని వాళ్ల వాదన. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు ఆ పేరు వాడొద్దని ఇంజంక్షన్ ఇచ్చింది. కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టులో జస్టిస్ రూమా పాల్, జస్టిస్ పి. వెంకటరామరెడ్డిల ధర్మాసనం మళ్లీ సిటీ సివిల్ కోర్టు మాటే నిలబెట్టింది. అయిదు పేర్ల కథను నమ్మలేదు.

ఈ తీర్పులో మనకు పనికొచ్చేది ఒకటుంది. డొమైన్ పేర్ల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అయినా ట్రేడ్ మార్కుకు ఉన్న లక్షణాలన్నీ డొమైన్ పేరుకూ ఉండవచ్చని, ఒకడి సరుకును ఇంకొకడి సరుకుగా చెలామణి చేయకూడదన్న పాత సూత్రం ఇక్కడా వర్తిస్తుందని కోర్టు అంది. అంటే ట్రేడ్ మార్కు రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే, ఆ పేరుతో మీరు ముందు నుంచీ వ్యాపారం చేస్తున్నారని, జనం ఆ పేరుతో మిమ్మల్ని గుర్తుపడుతున్నారని చూపగలిగితే దారి ఉంది. నార్పలలో నూనె గానుగ పెట్టుకున్నవాడికి ఈ ఒక్క మాట చాలు. పదేళ్ల బిల్లు పుస్తకాలు పారేయకుండా ఉంచుకుంటే చాలు.

డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ కేసు అంతకన్నా ముందుది. కల్లం అంజిరెడ్డి గారు 1984లో పెట్టిన ఆ కంపెనీ పేరుకు దాదాపు అచ్చుగుద్దినట్టున్న డాట్ కామ్ పేరును ఇంకొకరు నమోదు చేసుకుంటే 2001లో ఢిల్లీ హైకోర్టు అడ్డుకుంది. న్యాయమే. అయితే నాదొక సందేహం. ఈ సభలోనే రెడ్లు ఎంతమంది లేరు? వాళ్లలో ఒకరు ఉత్త 'రెడ్డి' అనే పేరును ముందుగా నమోదు చేసుకుని తన పొలం ఫోటోలు పెట్టుకుంటే, రేపు ఏ పెద్ద కంపెనీ అయినా వచ్చి ఇది మాదే అనగలదా? అనకూడదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

కోర్టుకు పోకుండా ఇంకో దారి ఉంది, మధ్యవర్తిత్వం. డాట్ కామ్ వంటి వాటికి 1999 నుంచి యూడీఆర్‌పీ అనే విధానం, మన డాట్ ఇన్‌కు 2005 జూన్ 28 నుంచి ఐఎన్‌డీఆర్‌పీ అనే విధానం ఉన్నాయి. రెండూ ఫిర్యాదుదారును మూడు ప్రశ్నలు అడుగుతాయి. నీకు హక్కున్న మార్కును ఆ పేరు పోలి ఉందా? అవతలివాడికి ఆ పేరు మీద న్యాయమైన అవసరం ఏమీ లేదా? దురుద్దేశం ఉందా? మూడో ప్రశ్నలో చిన్న తేడా ఉంది. డాట్ కామ్‌కైతే దురుద్దేశంతో నమోదు చేసి, వాడుతూ కూడా ఉండాలి. డాట్ ఇన్‌కు రెండింటిలో ఒకటి ఉన్నా చాలు. మనవాళ్లు కావాలనే కొంచెం వెడల్పు తలుపు పెట్టారు. గెలిస్తే పేరు చేతికి వస్తుంది లేదా రద్దవుతుంది. నష్టపరిహారం రాదు, ఎవడూ జైలుకు పోడు. జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) దగ్గర ఒకే మధ్యవర్తితో, అయిదు పేర్ల వరకు ఉన్న కేసుకు రుసుము 1,500 డాలర్లు. మన రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకటి అంత పెట్టి ఒక పేరు కోసం పోరాడుతుందా? నాకు నమ్మకం లేదు. ఈ ఏర్పాటు పెద్ద కంపెనీల కొలతకు కుట్టిన చొక్కా అని నా అభిప్రాయం.

పైగా ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. పేరు నిజంగా దొంగిలించినా, ఆ పేరు మీద మార్కు హక్కు చూపలేకపోతే ఈ మధ్యవర్తిత్వం పని చేయదు. దొంగతనం విచారించడానికి దాన్ని పెట్టలేదు. హైజాక్ అన్న మాట పట్టుకుని అక్కడికి వెళ్లి డబ్బూ నెలలూ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మూడోది ఒప్పందం తగాదా, నేను చూసినంతలో మన జిల్లాల్లో అన్నింటికన్నా ఎక్కువ ఇదే. ధర్మవరం వైపు ఒక పట్టుచీరల దుకాణం వాళ్లు నా దగ్గరికి వచ్చారు. "మా సైటు హైజాక్ అయింది సార్" అన్నారు. బిల్లు చూపమన్నాను. తెల్లకాగితం మీద ఒకే వరుస: 'డొమైన్, హోస్టింగు, డిజైను', కింద మొత్తం, పక్కన సంతకం. సైటు చేసిన కుర్రాడు పేరును తన మెయిల్ మీద, తన ఫోను నంబరు మీద నమోదు చేశాడు. ఏటా వాళ్లు డబ్బు ఇస్తున్నారు, అతను కడుతున్నాడు. కొత్త పని దగ్గర మాట తేడా వచ్చింది, పాస్‌వర్డు ఇవ్వనన్నాడు. ఇది దొంగతనమా? అతని మాట ప్రకారం అతనికి రావలసిన బాకీ ఉంది. కాగితం మీద యజమాని అతనే. ఇలాంటిది మధ్యవర్తుల దగ్గరికి తీసుకెళ్తే, ఇది మీ ఇద్దరి ఒప్పందం తగాదా, మీ కోర్టులో తేల్చుకోండి అని పంపేయడం మామూలే. పోలీసు కేసు పెడితే కుర్రాడు మొండికేస్తాడు, సైటు మూతపడుతుంది, పండగ అమ్మకం పోతుంది. బాకీ లెక్క వేరు, పేరు వేరు అని ఇద్దరినీ కూర్చోబెట్టి, పేరు ముందు దుకాణం ఖాతాకు మార్చి, బాకీ సంగతి తరువాత రాసుకోమన్నాను. అలాగే అయింది. దీనికి గెలుపు అని పేరు పెట్టను. మొదటి రోజునే ఆ బిల్లులో 'నమోదు ఎవరి పేరున' అని ఇంకో వరుస రాసుకుని ఉంటే నా దగ్గరికి వచ్చే పనే లేదు.

గడువు తీరిపోయి పేరు పోవడం నాలుగోది. దీన్ని కూడా హైజాక్ అనడం అన్యాయం. 1999 క్రిస్మస్ సమయంలో సాక్షాత్తు మైక్రోసాఫ్టే పాస్‌పోర్ట్ అనే తన పేరుకు రుసుము కట్టడం మరిచిపోతే హాట్‌మెయిల్ నిలిచిపోయింది. ఒక లైనక్స్ ప్రోగ్రామరు తన జేబులోంచి 35 డాలర్లు కట్టి నిలబెట్టాడు. మనకు అలాంటి పుణ్యాత్ముడు దొరకడు. డాట్ కామ్ పేరుకు గడువు దాటాక కూడా, రిజిస్ట్రార్ ఒక్కసారే వదిలేయకపోతే, కొంత వ్యవధి ఉంటుంది. ఆపైన ఎక్కువ రుసుముతో విడిపించుకునే 30 రోజులు ఉంటాయి. అది కూడా దాటితే ముందు చేయి వేసినవాడిదే పేరు.

ఇప్పుడు రెడ్డి సంగతికి వస్తాను. దొంగ దొంగ అని అరుస్తూ వచ్చినవాడే దొంగ అయ్యే కేసులు ఉన్నాయి. ఉజీ నిస్సాన్ అనే ఆయన ఇంటిపేరే నిస్సాన్. అమెరికాలో చిన్న కంప్యూటర్ వ్యాపారం. 1994లో తన ఇంటిపేరుతో డాట్ కామ్ నమోదు చేసుకున్నారు. 1999 చివర్లో నిస్సాన్ మోటార్ కంపెనీ కోటి డాలర్లు అడుగుతూ ఆయన మీద దావా వేసింది. ఏళ్లకేళ్లు నడిచిన ఆ కేసులో ఆయన ఆస్తి కరిగింది, పేరు మాత్రం ఆయన చేతిలోనే మిగిలింది. 2020లో కన్నుమూసే నాటికీ ఆయనదే. కోర్టు దాకా పోకుండా మధ్యవర్తుల దగ్గరే ఇలాంటి ప్రయత్నం చేస్తే దానికి తలకిందుల హైజాక్ అనే మాట యూడీఆర్‌పీ నిబంధనల్లోనే ఉంది. మధ్యవర్తి తన తీర్పులో అలా రాయవచ్చు. రాయడంతో సరి. జరిమానా లేదు, ఖర్చులు ఇప్పించరు. చిన్నవాడు లాయరుకు పెట్టిన డబ్బు గాలికి పోయినట్టే. ఈ నిబంధన మారాలి. ఓడిన ఫిర్యాదుదారు చేత అవతలివాడి ఖర్చు కట్టిస్తే సగం బెదిరింపు నోటీసులు పుట్టకముందే ఆగిపోతాయి.

మరొక్క సంగతి, మన సరిహద్దుకు సంబంధించినది. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు వచ్చాయి. అనంతపురం బస్టాండులో బళ్లారి బస్సు బోర్డు చూస్తూ పెరిగినవాళ్లకు తెలుసు, కన్నడ అక్షరాలూ మన అక్షరాలూ ఎంత దగ్గరో. కొన్నింటిని పక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం, కానీ కంప్యూటరుకు రెండింటికీ వేర్వేరు సంఖ్యలు. ఒక తెలుగు పేరును కన్నడ అక్షరాలతో నమోదు చేస్తే కంటికి అదే, యంత్రానికి వేరు. మోసగాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ ప్రమాదం గుర్తించే నిపుణుల బృందాలు ఇంటర్నెట్ మూల పట్టికకు (పేరులో చివరి చుక్క తరువాత వచ్చే భాగాల జాబితాకు) నియమాలు రాసేటప్పుడు తెలుగు, కన్నడ అక్షరాల పోలికలను జతలుగా కట్టాయి. ఒక లిపిలో ఒక పేరు ఇస్తే దాని జంటను ఇంకొకరికి ఇవ్వకూడదని ఉద్దేశం. ఇది మూల పట్టిక వరకు వచ్చింది. కింది మెట్టులో, మనం కొనుక్కునే పేర్ల దగ్గర, అంతే గట్టిగా అమలు కావాలని తెలుగు, కన్నడ ప్రభుత్వాలు రెండూ కలిసి అడగాలి. ఆ పనికి హొసపేట, బళ్లారి, అనంతపురం మనుషులే సరైనవాళ్లు, అమరావతిలోనో బెంగళూరులోనో కూర్చున్నవాళ్లకు ఈ తికమక రోజూ కళ్లబడదు.

పిల్లలకు ఒక పని అప్పజెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో, మీ ఊళ్లో సంఘానికో గుడికో దుకాణానికో సైటు ఉంటే నాలుగు సంగతులు కనుక్కోండి: పేరు ఎవరి పేరున ఉంది, ఏ మెయిల్ మీద ఉంది, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది, గడువు ఏ తేదీ. ఒక నోటుబుక్కులో రాసి ఆ సంఘం కార్యదర్శి చేత సంతకం చేయించండి. సభ అయ్యాక సాయంత్రం దాకా నేను గ్రంథాలయంలోనే ఉంటాను. పాత బిల్లులు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, కూర్చుని చూద్దాం.